బాబిన్ కేస్‌లో ఇరుక్కున్న స్క్రూ ముక్క

తెలంగాణ కోసం రోడ్ల మీదే వండుకుని రోడ్ల మీదే తిన్న ఆ రోజుల్లో, ఘనపూర్‌లో బంద్ అంటే పొద్దున్నే దుకాణాలు మూయించే జట్టులో నేనూ ఉండేవాణ్ని. నినాదాలకు నా గొంతు పనికిరాదని తేలాక, మూసిన షట్టర్లను లెక్కపెట్టే పని తీసుకున్నాను. (ఎవరూ అడగలేదు. అయినా చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఉండేది.) చదువు పదితో ఆగినా, లెక్క తెలిసినవాడికి రాని పనంటూ ఉండదని నా నమ్మకం. ఇంట్లో బట్టలు కుట్టే మా వదిన నన్ను ‘లెక్కలయ్య’ అని పిలిచేది. అది పొగడ్తే అనుకునేవాణ్ని.

ఒకసారి బంద్‌కు మర్నాడు వంటావార్పు పెట్టుకున్నారు. వచ్చే ఆడవాళ్లందరికీ ఒకే రంగు కండువాలు, మొత్తం నలభై, కుట్టి ఇస్తానని వదిన మాటిచ్చింది. బంద్ రోజు ముప్పై ఒక్క షట్టర్లు మూయించి నేను ఇంటికి వచ్చేసరికి పదిహేడు కండువాలు అయ్యాయి. కింది దారం వదులుగా వస్తోందని వదిన మిషన్ ఆపి బాబిన్ కేస్ బయటికి తీసింది. కింది దారం ఉండే బుల్లి ఉక్కు డబ్బీ అది. పక్కనున్న చిన్న స్క్రూ తిప్పితే దారం బిగుస్తుంది.

“జర పావు చుట్టు తిప్పితె సాలు,” అన్నది.

“ఆగు వదినె, లెక్క ప్రకారం చేద్దాం,” అని డబ్బీ లాక్కున్నాను. ఆ మందపు గుడ్డకు ఒకటీ ముప్పావు చుట్టు కావాలని నోటుబుక్కులో తేలింది. ఒకటిన్నర దగ్గర ‘టిక్’ మంది. స్క్రూ తల నా అరచేతిలోకి వచ్చింది, మొండెం డబ్బీలోనే ఉండిపోయింది. వదిన కుట్టాల్సిన ఇరవై మూడు ముక్కలను మడిచి ఒళ్లో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

మిషన్ సామాన్ల దుకాణానికి ఉరికాను. షట్టరు మూసే ఉంది. దుకాణమన్న అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

“అన్నా, ఒక్క బాబిన్ కేస్.”

“పొద్దుగాల నా షట్టరు గుంజింది ఎవలు?”

“నేనే అన్నా.”

“నీ బుక్కుల నా నంబరెంత?”

“పంతొమ్మిది.”

“మరి మిగిలిన ముప్పై మంది ఏమనుకుంటరు తమ్మీ? బంద్ అంటే బందే. రేపు రా.”

ఇంట్లో అంచు పగిలిన పాత బాబిన్ కేస్ ఒకటుంది. డబ్బీ పనికిరాదు గానీ దాని స్క్రూ బాగానే ఉంది. విరిగిన ముక్క బయటికొస్తే దీన్ని బిగించొచ్చు. మిషన్ నూనె చుక్క వేసి, సూది మొనను ముక్క మీద ఆనించి వెనక్కి తిప్పసాగాను. నాలుగున్నర చుట్లకు రావాలని లెక్క. విరిగిన అంచు వంకరపోయి అడ్డుపడిందేమో, ముక్క కదల్లేదు. సూదులు మాత్రం మూడు విరిగాయి. (అదీ రాసుకున్నాను.)

వదిన చాలాసేపు చూసింది. “లెక్కలయ్యా, గా స్క్రూ రంధ్రం అవుతలి దాంక ఉన్నదా?”

డబ్బీని వెలుతురుకు ఎత్తి చూశాను. “ఉంది.”

“పొద్దుగాల మీ జట్టు ముందుకే పోవాలె, ఎనుకకు తిరిగేది లేదని ఒర్లుతాంటె ఇక్కడికి ఇనవడ్డది. ఇంటికొచ్చి ఎనుకకు తిప్పుడేంది? ముందుకే తిప్పరాదు.”

నాలుగో సూది ఆనించి ముందుకు తిప్పాను. ముక్క కదిలింది, తిరిగింది, లోపలివైపు నుంచి నువ్వుగింజలా అరచేతిలో పడింది. పాత స్క్రూను బిగించే పని మాత్రం వదిన నాకివ్వలేదు.

మర్నాడు రోడ్డు మీద నలభై కండువాలూ ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. బంతిలో కూర్చున్న దుకాణమన్న, “తమ్మీ, నంబరు పంతొమ్మిదికి జర పప్పెయ్యి,” అన్నాడు.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ పేజీలో షట్టర్లు, కండువాలు, సూదులు అన్నీ ఉన్నాయి. ‘ముందుకు చుట్లు’ అన్నచోట మాత్రం ఖాళీ. ఆ సంబరంలో లెక్కపెట్టడమే మరిచాను. మొన్న వదినను అడిగితే, “ఎవలికెరుక? నేను నీ మొకమే సూసిన, సూదిని సూడలే,” అన్నది. ఆ ఖాళీని అట్లాగే ఉంచాను.