జయ పేరును వెనక నుంచి చదవాలి

ఈ విషయం మీద నేను పెట్టిన అర్జీలు ఎవరి బల్ల కింద చెదలు పట్టాయో తెలియదు. ఇన్నేళ్లలో "అందింది" అన్నవాడు కూడా లేడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2004. గోదావరిఖనిలో ఒక గని ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో ఆపరేటర్‌ని. పాత మెషీన్‌లో కార్మికుల ఇంటివాళ్ల పేర్లలోని ఇంగ్లిష్ అక్షరాలు అంకెల్లో ఉండేవి. ఎ అంటే 1, ఐ అంటే 9. జె నుంచి రెండంకెలు, వాటి వెనక హ్యాష్ గుర్తు. జయ పేరు 10#125#1. దాన్ని చివరి నుంచి చదవాలి. 1 అంటే ఎ. హ్యాష్ కనిపిస్తే దాని ముందున్న రెండంకెలూ కలపాలి: 25, వై. తర్వాత మళ్లీ ఎ. చివరికి 10, జె.

కొత్త కంప్యూటర్లు పెట్టిన కంపెనీవాళ్లు మమ్మల్ని అడగలేదు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ముందు నుంచి ఒక్కో అంకే చదివి, గని దవాఖాన కార్డులన్నిటి మీదా అర్థంలేని అక్షరాలు అచ్చేసింది. చేత్తో దిద్దే అధికారం మాకు తీసేశారు.

ఒకరోజు యేసోబు ఏసీ గది బయట చెప్పులు విప్పి నిలబడ్డాడు. కోల్ ఫిల్లర్, అంటే పేల్చిన బొగ్గును టబ్బుల్లో నింపే కార్మికుడు. జయ అతని భార్య.

"గుండెల వాల్వు చెడ్డదట సార్. హైదరాబాద్ తోలాలె అంటున్నరు. కార్డుల పేరు కలుస్తలేదని కాయితం ఇస్తలేరు."

"సిస్టర్లకు ఆమె తెల్వదా కాక?"

"ఎందుకు తెల్వది! మా పిల్లల కాన్పులన్నీ గాడనే అయినయి. మనిషి తెలుసు గని కార్డు తెల్వదంటున్నరు."

అతను టీ తాగి వచ్చేలోగా చిన్న ప్రోగ్రామ్ రాశాను. పేర్లన్నీ సరిగ్గా వచ్చాయి. నడపడానికి సంతకం కావాలి. సిస్టమ్స్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాను.

"ఎవలు రాయమన్నరు నిన్ను?"

"ఎవలూ చెప్పలే సార్. ఒక్కసారి చూడుండ్రి."

"నీది ఎంట్రీ కొట్టే డ్యూటీ. లోపలికి రానిస్తే కుర్చీనే కావాల్నా? కంపెనీవాళ్లొచ్చి దిద్దుతరు, పో."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ నవ్విన ముఖాలు నాకిప్పటికీ గుర్తే.

కంపెనీవాళ్లు వచ్చేలోగా జయ ఇక్కడి దవాఖానలోనే పోయింది. వాళ్లు దిద్దిన పద్ధతీ అదే, వెనక నుంచి చదవడం. ఆఫీసర్‌కు శాలువా కప్పారు. రద్దు చేయమని నా బల్ల మీదికొచ్చిన జయ కార్డులో పేరు సరిగ్గానే ఉంది.

ఎదుట నిలబడ్డ మనిషిని నమ్మని చోట ఏ ప్రోగ్రామూ అక్కరకు రాదని ఆ కార్డు నేర్పింది.

యేసోబు కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతాడు: "గప్పుడెందుకు కాలేదు సార్?" ఆ జవాబు నాది కాదు. దానికి బాధ్యుడైన ఆఫీసర్ రిటైరై ఇదే ఊళ్లో పొద్దున్నే వాకింగ్ చేస్తున్నాడు. అయ్యా, నా అర్జీల సంగతి వదిలేయండి. మీ దారిలోనే యేసోబు ఇల్లు. బయట చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి, ఆ సంతకం ఎందుకు పెట్టలేదో అతనికి చెప్పండి.