దొరసాని ఇసుక తొట్టి

నా చిన్నప్పుడు, రెండో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో, మా ఇంటి పిల్లి మా మేనమామ సూట్‌కేసు మీద మూత్రం పోసింది. ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. ముందు మామ గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. తర్వాత నేను గుర్తొచ్చి ఇంకా మండుతుంది.

గోదావరిఖనిలో మాది రెండు గదులు, ఒక వంటిల్లు ఉన్న కంపెనీ క్వార్టర్. బాపుకు భూగర్భ గనిలో డ్యూటీ. ఎలుకల బాధ పడలేక ఆయన ఒక బూడిద రంగు పిల్లిపిల్లను తెచ్చాడు. కాళ్లు ముడుచుకుని, మెడ నిలబెట్టి కూర్చునే దాని తీరు చూసి దొరసాని అని పేరు పెట్టాడు. అంతకుముందు పెంచిన పిల్లిని కాలనీ కుక్కలు చంపేశాయి కాబట్టి దీన్ని గడప దాటనిచ్చేవాళ్లం కాదు. ముందుగదిలో తలుపు వెనక మూలన, అంచు పగిలిన ప్లాస్టిక్ తొట్టిలో గోదావరి ఇసుక పోసి పెట్టాం. రెండేళ్లలో దొరసాని ఒక్కసారి కూడా ఆ తొట్టి బయట పోయలేదు. పని కాగానే ఇసుక కప్పి, ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూసి వెళ్లిపోయేది.

అప్పుడు మా అమ్మ వాళ్ల అన్న బెల్లంపల్లి నుంచి బదిలీ మీద వచ్చాడు. ఆఫీసులో గుమస్తా. క్వార్టర్ దొరికేదాకా మా ఇంట్లోనే మకాం. చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకునేవాడు. ఒకటి రాయడానికి, రెండోది కనిపించడానికి. అన్నం ఎలా వార్చాలో అమ్మకు చెప్పేవాడు, సైకిలుకు గాలి ఎంత కొట్టాలో బాపుకు చెప్పేవాడు. జన్మలో ఒక్కరోజు గనిలోకి దిగని మనిషి, ఇరవై ఏళ్లుగా దిగుతున్న మా బాపుకు గని గురించి కూడా చెప్పేవాడు. బాపు ఊఁ కొట్టేవాడు.

వచ్చిన మొదటి రోజే మామ ముక్కు మూసుకున్నాడు. "ఏంది చెల్లే, ముందట అర్రల పిల్లికి దొడ్డా? ఇది మనుషులుండే ఇల్లేనా?" అన్నాడు. తలుపు వెనక మూల సరిగ్గా ఆయన సూట్‌కేసు పట్టేంత ఉంది. అమ్మ తొట్టిని తీసి వంటింట్లో, స్టీలు సామాను పెట్టే స్టాండు కింద పెట్టింది. మూడు రోజులు ఏ గొడవా లేదు. నాలుగో రోజు సాయంత్రం సూట్‌కేసు మీద మడుగు.

ఆ తర్వాత మా ఇంట్లో వైద్యం మొదలైంది. మామ మూల చుట్టూ కారప్పొడి చల్లాడు. రోజంతా తుమ్మింది ఆయనే. బట్టల్లో పురుగు పట్టకుండా పెట్టే డాంబరు గోలీలు వేశాడు. దొరసాని వాటిని కాలితో మంచం కిందికి దొర్లించి ఆడుకోబోతే అమ్మ భయపడి ఏరి పారేసింది. చివరికి గదంతా ఫినాయిలు పోసి కడిగించాడు. ఇల్లు దవాఖానలా కంపు కొట్టింది, దొరసాని ఈసారి మామ పరుపు మీద పోసింది. వాడకట్టులో ప్రతి ఇంటి నుంచీ ఒక సలహా వచ్చింది. సలహా ఇచ్చిన ఒక్కరి ఇంట్లోనూ పిల్లి లేదు.

అన్నింటికంటే గొప్ప మందు మామ చివరికి కనిపెట్టాడు. పోసిన చోటే పిల్లి ముక్కును నేలకు రాయాలట. ఆ పని నాకు అప్పజెప్పాడు. ఆయనంటే నాకు భయం. ఆ భయాన్ని గౌరవం అనుకునే వయసు నాది. ఒక మధ్యాహ్నం దొరసాని మెడ పట్టుకుని దాని ముక్కును ఆ తడిలో రాశాను. అది నన్ను గీరలేదు, అరవలేదు. కళ్లు మూసుకుంది, అంతే. "శెభాష్ కోడలా!" అన్నాడు మామ. నేను మురిసిపోయాను.

అయినా మార్పు లేదు. గురువారం పొద్దున మామ తీర్పు చెప్పాడు. ఆదివారం దాన్ని గోనెసంచిలో మూట కట్టి, స్కూటర్ మీద గోదావరి వంతెన దాటించి వదిలేసి వస్తానన్నాడు. ఎన్నడూ గడప దాటని పిల్లి అక్కడ ఒక్క పూట కూడా బతకదని నాకు తెలుసు. బాపుకు ఇంకా బాగా తెలుసు. ఆయన అప్పుడే షిఫ్టు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మామ చెప్పేదంతా విని, మళ్లీ కాళ్లు కడుక్కున్నాడు. బొగ్గు కప్పు కింద రోజూ ప్రాణాలొడ్డి పనిచేసే మనిషికి బావమరిది ముఖం చిన్నబోతుందంటే భయం. దీన్ని పెద్దవాళ్లు మర్యాద అంటారు.

శనివారం నేను వెనక గోడ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే పక్క క్వార్టర్ చాచా చూశాడు. చాచా గనిలో బొగ్గుకు మందు పెట్టి పేల్చే పని చేసి రిటైరైన మనిషి. ఆ మోతలకు ఒక చెవి పోయింది, అందుకే గట్టిగా మాట్లాడతాడు. నేను దొరసాని చేసిన పనులన్నీ ఏకరువు పెట్టబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఏం జేసిందో అడగలే బేటా. ఎప్పటి సంది జేస్తున్నదో చెప్పు."

"మామ వచ్చినంక."

"పోసేటప్పుడు అరుస్తదా? చుక్క చుక్క పడ్తదా?"

"లేదు చాచా, మంచిగనే పోస్తది."

"అయితే దవాఖాన ముచ్చట కాదు. పా, సూద్దాం."

మధ్యాహ్నం అన్నాలయ్యాక వచ్చి వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. మామ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "ఏం చాచా, పిల్లికి పంచాయితీ పెడ్తున్నవా?" అని నవ్వాడు. చాచా తన చెవిటి చెవిని ఆయన వైపు తిప్పి కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత దొరసాని నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుని, వంటింట్లోకి వచ్చింది. తొట్టి వాసన చూసింది. ఒక కాలు ఇసుకలో పెట్టింది.

అప్పుడే, నేలను పైనుంచి తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగింది. రోజూ ఆ వేళకు అక్కడ పేలుళ్లు జరుగుతాయి. మా కాలనీకి అది గడియారం లాంటిది. సైరన్ వినగానే దొరసాని చెవులు వెనక్కి అంటుకుపోయాయి. దడాలున నేల అదిరింది. స్టాండులో కంచాలు, గ్లాసులు, గిన్నెలు అన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. ఒక మూత జారి తొట్టి అంచు మీద పడింది. దొరసాని గాలిలోకి లేచి, ముందుగదిలోకి ఉరికి, రెండేళ్లు తనదైన మూలకు వెళ్లి వణుకుతూ కూర్చుంది. ఆ మూలన సూట్‌కేసు ఉందన్నది దాని తప్పు కాదు.

ఆ గిన్నెల మోత రోజూ మోగేదే. మా చెవులు దాన్ని వినడం ఎప్పుడో మానేశాయి. తొట్టిని తీసుకెళ్లి సరిగ్గా దాని కిందే పెట్టాం. ఆ నాలుగో రోజు దొరసాని తొట్టిలో ఉండగానే అది మోగి ఉంటుంది.

మామ చెప్పు ఎత్తాడు. చాచా ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, ఒకపారి గనిల కప్పు కూలి నా పక్కోని కాలు పోయింది. మళ్ల ఆ దారిల పోవాల్నంటే నా లాగు తడిసేది. నలభై ఏండ్ల మొగోన్ని. నా ముక్కు ఎవ్వడు నేలకు రాయలే. వేరే దారి సూపిచ్చిండ్రు."

"మనిషికి, పిల్లికి పోలికేంది చాచా?"

"పోలిక లేదు. పిల్లి రెండేండ్ల సంది ఈ ఇంట్ల ఉన్నది. నువ్వొచ్చి పదిహేను రోజులాయె."

అన్నాళ్లూ నోరు మెదపని మా అమ్మ అప్పుడు కదిలింది. సూట్‌కేసును ఎత్తుకెళ్లి స్టీలు సామాను స్టాండు కింద పెట్టింది. "అన్నా, నీ పెట్టె ఈడ ఉంటది. గిన్నెలు మీద పడ్డా దానికి భయం లేదు," అంది. చాచా చెప్పినట్టు ఫినాయిలు కాకుండా సబ్బునీళ్లతో మూలంతా కడిగి, తలుపులు తెరిచి ఆరబెట్టి, తొట్టిలో కొత్త ఇసుక పోసి పాత చోట పెట్టింది. మర్నాడు పొద్దున దొరసాని ఆ ఇసుకను తవ్వి, పని చేసుకుని, కప్పి, అటూ ఇటూ చూసి వెళ్లింది. ఆదివారం కోసం తెచ్చిన గోనెసంచిలో ఉల్లిగడ్డలు పోశాం. మామ వారం తిరక్కుండానే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. తనకంటే మాకు పిల్లే ఎక్కువైందని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. ఆయన చెప్పిన మాటల్లో నిజమైంది అదొక్కటే.

దొరసాని ఆ తర్వాత చాచా ఒళ్లో పడుకునేది, అమ్మ కాళ్లకు రాసుకునేది. నా చెయ్యి దగ్గరికి వస్తే మాత్రం కళ్లు మూసుకునేది. చాలా నెలలు అలాగే మూసుకుంది.

ఇప్పుడు నాకు నాలుగేళ్ల కొడుకు. మూడు వారాలుగా బడి నుంచి తడిసిన లాగుతో వస్తున్నాడు. సలహాలకు ఇప్పుడూ కొదవ లేదు. మధ్యాహ్నం నుంచి నీళ్లు ఇవ్వొద్దని ఒకరు, నలుగురిలో సిగ్గుపడేలా చేయమని ఒకరు, వాతలు పెడతానని బెదిరించమని ఇంకొకరు. డిగ్రీ చదివిన నేను రాత్రంతా ఫోన్లో వీడియోలు చూశాను, బడి సంచిలో పెట్టడానికి ఒకటికి రెండు లాగులు కొన్నాను. నిన్న సాయంత్రం ఆ లాగు విప్పుతూ ఛీ అన్నాను. వాడు ఏడవలేదు. కళ్లు మూసుకున్నాడు.

ఆ కళ్లు నాకు తెలుసు. నేల మీద కూలబడి, అన్నాళ్లూ ఇంట్లో ఎవరం అడగని మాట అడిగాను. ఎప్పటి సంది బిడ్డా?

వాడు ఆలోచించను కూడా లేదు. "ఆ రోజు పెద్ద పిల్లలు బాత్రూం తలుపు బయట గడియ పెట్టిండ్రు గదా, అప్పటి సంది," అన్నాడు, నాకు ముందే తెలుసన్నట్టుగా.