నాలుగో చాప

మడికొండ అవతల చెలకల అంచున ఉన్న ఆ సర్కారు బడికి గదులు రెండు, తరగతులు మాత్రం అయిదు. ఈ లెక్క కుదరదని పైవాళ్లకు ఎన్నడూ అనిపించలేదు. పంతొమ్మిది వందల డెబ్బైలో అక్కడికి బదిలీ మీద వచ్చిన రాహేలు టీచర్ దాన్ని తన పద్ధతిలో తేల్చేసింది. తరగతుల జోలికి పోకుండా గదిలో నాలుగు ఈతచాపలు పరిచింది. మొదటి చాప మీద అక్షరాలు దిద్దేవాళ్లు, రెండో చాప మీద చిన్న చిన్న మాటలు కూడబలుక్కునేవాళ్లు, మూడో చాప మీద పాఠం చదివి లెక్క చేసేవాళ్లు. వయసెంతైనా సరే, ఎవరికి ఏది వస్తే వాళ్లది ఆ చాప. ఎదిగిన మగపిల్లాడు తన చెల్లెలి పక్కన కూర్చోవలసి వస్తే వాడి రోషమే వాడికి సగం చదువు చెప్పేది.

నాలుగో చాప మాత్రం పెద్దపులి. దాన్ని దాటాలంటే పొట్లం కాగితం చదవాలి. కిరాణా కొట్లో పుట్నాలో చింతపండో కట్టిచ్చిన పాత పేపరు ముక్క అది, ఆ పిల్ల అంతకుముందు కంటితో చూడనిది. దాన్ని పైకి చదివి, అందులో సంగతేమిటో తన సొంత మాటల్లో అందరికీ చెప్పాలి. పుస్తకమైతే తలకిందులుగా పట్టుకుని కూడా అప్పజెప్పే ఘనులున్నారు గానీ, పొట్లం కాగితాన్ని బట్టీ పట్టిన మొనగాడు ఇంకా పుట్టలేదని రాహేలు అనేది. పిల్ల ఆ చాప దాటిన రోజున ఇంటివాళ్లు బడికి బెల్లం, పుట్నాలు తెచ్చి పంచేవాళ్లు.

ఆమె వచ్చిన మరుసటేడే పైనుంచి కొత్త పద్ధతి వచ్చింది. పిల్లలను ఏ తరగతిలోనూ ఆపొద్దు, హాజరు సరిపోతే పైకి పంపెయ్యండి అన్నారు. నాన్ డిటెన్షన్ అని దానికి పేరు. హెడ్మాస్టరు వెంకట్రాజం సారుకు ప్రాణం లేచొచ్చింది. మంచి మనిషే, ఎవరినీ నొప్పించడు, ఆ మంచితనంతోనే పేరు రాయడం రాని పిల్లలను కూడా అయిదు దాటించేశాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు రాహేలు తన చాపలు మాత్రం చుట్టలేదు. రిజిస్టరులో పిల్లలు పైకి పోతున్నా చాపల మీద ఎక్కడివాళ్లక్కడే ఉండేవాళ్లు. ఏడో తరగతి పరీక్ష అనే గండం వచ్చేసరికి, పొట్లం కాగితం చదివి పోయిన పిల్లలు గట్టెక్కడం, తక్కినవాళ్లు బోర్లా పడటం ఊరు చూసింది. అప్పటినుంచీ రిజిస్టరులో ఏముందని అడిగినవాళ్లు లేరు. టీచరమ్మ చాప దాటించిందా లేదా, అదొక్కటే మాట. ఆమె దాటిస్తే పై బడి, లేకపోతే పనిపాటలు.

ఇంత గౌరవం ఉన్న మనిషికి సాయంత్రమైతే మాట్లాడే మనిషి లేదు. పెనిమిటి దేవదానం మిషన్ దవాఖానలో కాంపౌండరు. పెళ్లైన కొన్నాళ్లకే పచ్చకామెర్లతో పోయాడు, పిల్లలు లేరు. గౌరవం అనేది చాలా చెడ్డ వస్తువు, పక్కన కూర్చోనివ్వదు. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఏదో చెప్పుకుని పకపకా నవ్వుతుంటారు, ఈమె బిందె పట్టుకుని రాగానే నమస్తే టీచరమ్మా అని తప్పుకుని నిలబడతారు. ఆదివారం కాజీపేట చర్చిలోనూ అంతే, బెంచీ చివర ఆమె చోటు ఆమెకు వదిలేసేవాళ్లు. ప్రార్థన అయ్యాక వందనాలు చెప్పి ఎవరిళ్లకు వాళ్లు పోయేవాళ్లు. సోమవారం పొద్దున పాఠం మొదలుపెట్టబోతే గొంతు పెగలక దగ్గు వచ్చేది. ముందు రోజు దానికి పని పడలేదు మరి.

ఎనభైల మొదట్లో భద్రమ్మ అనే కూలి మనిషి తన కూతురిని వెంటబెట్టుకుని, రాహేలు ఒంటరిగా ఉండే గది ముందుకు వచ్చి నిలబడింది. మొగుడు మగ్గాల పనికి భీవండి పోయి మళ్లీ మొహం చూపలేదు. మిరప సీజను వస్తే కూలీలను లారీలో ఎనుమాముల మార్కెట్టుకు తోలుకుపోతారు, తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. ఎదిగే పిల్లను ఒంటరిగా ఇంట్లో వదల్లేనని, జర పొద్దూకేదాకా మీ కాడ ఉంచుకోండ్రి టీచరమ్మా అని అడిగింది. ఆ పిల్ల పేరు మొగిలమ్మ.

బడిలో టీచర్ అనే పిల్ల, గది గడప దాటగానే పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఎవరు నేర్పారో తెలియదు. బియ్యం ఏరుతూ, దీపం చిమ్నీ తుడుస్తూ, కనబడ్డ పొట్లం కాగితమల్లా విప్పి చదివేది. కాగితం సగంలో చిరిగి ఉంటే మిగతా కథ తనే కట్టేది. ఓసారి ఎక్కడో ఎడ్ల సంతలో కోడె పోయిన వార్త దొరికింది, దొంగ ఎవరో ఉన్న ముక్క చినిగిపోయింది. దొంగలెవరూ లేరని, ఆ కోడె కావాలనే పారిపోయిందని, దాని యజమాని గొంతు దానికి నచ్చలేదని మొగిలమ్మ తేల్చింది. రాహేలు పొయ్యి దగ్గర కూర్చుని కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వాక కాసేపు దిగులుపడింది. ఇంతకాలం ఈ నవ్వు లేకుండా ఎట్లా బతికానని ఆమెకు అప్పుడే మొదటిసారి అనిపించింది.

పరకాలలో ఆడపిల్లల హాస్టలు ఉంది. ఆరో తరగతిలో చేరితే తిండీ బట్టా అన్నీ అక్కడే. చాప దాటితే పంపుతానని భద్రమ్మ ఎప్పుడో అంది. ఎనభై మూడు ఏప్రిల్‌లో, సెలవులకు ముందు, మొగిలమ్మ పొట్లం కాగితం చదివే రోజు వచ్చింది.

పిల్ల లేచి నిలబడి చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే తడబడింది, ఆపైన ఆగి ఆగి, మింగి మింగి చదివింది. సంగతేమిటో చెప్పమంటే నేల చూపులు చూసింది. పిల్లలంతా అయ్యో అన్నట్టు చూస్తున్నారు. రాహేలు మాత్రం పిల్ల ఆగిన చోట్లు లెక్కపెట్టింది. చదవడం రాని పిల్ల ఎక్కడ ఆగుతుందో ఆమెకు కొట్టినపిండి, పెద్ద మాట దగ్గర ఆగుతుంది. ఈ పిల్ల జిల్లా పరిషత్తునూ కార్యనిర్వాహక ఇంజనీరునూ గడగడా దాటేసి నీళ్లు, బావి, మేక దగ్గర ఆగింది. ఆగిన ప్రతిసారీ తలెత్తి ఆమె మొహం చూసింది.

అంటే దాటితే పరకాల పోవాలి, పోవడం దానికి ఇష్టం లేదు. అది ఆమెకు అర్థమైంది. చెవి మెలేసి, నాటకాలు ఆపి చదువు అని ఒక్క మాట అంటే పోయేది. పదమూడేళ్లలో ఎంతమంది పిల్లలను అట్లా అదిలించలేదు?

“ఇంక కాలె. కూసో” అంది రాహేలు.

ఆ సాయంత్రం గదిలో కోడిగుడ్ల పులుసు వండింది. అది పండగా కాదు, ఆదివారమూ కాదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు, పొద్దుటి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు, ఇక్కడ రెండు పిల్లులు. రాహేలు మనసులో తప్పు చేశానన్న ముల్లు ఉంది, నిజమే. కానీ ఆ ముల్లు మీద ఇంకో ఏడాది సాయంత్రాలు పరుపులా పరుచుకున్నాయి. తన జీవితంలో అంత తేలికగా గడిచిన ఏడాది ఇంకోటి లేదు.

మరుసటేడు ఎండలు ముదిరేసరికి భద్రమ్మ విసిగిపోయింది. చదువు దీనికి ఒంటబట్టేట్టు లేదని, మీ చాప మీద అదే ఇప్పుడు అందరికంటే పెద్దదని, తన వెంట మార్కెట్టుకు తోలుకుపోతానని చెప్పింది. బడి ఉన్నా మానిపించి లారీ ఎక్కించింది. మిరపకాయల తొడిమలు తీసే పని, పిల్లల వేళ్లు చురుగ్గా ఆడతాయని వ్యాపారులు వాళ్లనే ముందు పిలుస్తారు.

మొదటి రోజు మొగిలమ్మ నేరుగా రాహేలు గదికే వచ్చింది. అరచేతులు నిప్పుల్లా ఉన్నాయి, తెలియక కన్ను నులుముకుంది కాబోలు, ఒక కన్ను వాచిపోయింది. రాహేలు మజ్జిగతో చేతులు కడిగి కొబ్బరినూనె రాసింది. ఏడుస్తుందేమో అనుకుంది. మొగిలమ్మ ఏడవలేదు, నవ్వింది.

“రేపట్సంది రోజు పోతా పెద్దమ్మా. పొద్దూకంగ నీ కాడికే వత్తా” అంది.

మిరపకాయల మంటకైనా సిద్ధపడింది ఆ పిల్ల, సాయంత్రాలు మిగిలితే చాలనుకుంది. బతుకంతా దానికదే బేరం పెట్టేసుకుంది. ఆ బేరం తనే నేర్పానని రాహేలుకు తెలిసింది. మరునాడు భద్రమ్మ ఇంటికి పోయి, ఈ నెలలోనే పొట్లం కాగితం ఇంకోసారి చదివిస్తానని, ఒక్కరోజు బడికి పంపమని అడిగింది.

మొగిలమ్మ వచ్చి నిలబడింది. ఈసారి ఇంకా ఘోరంగా చదివింది, రెండో చాప మీది పిల్లలు కూడా నోళ్లకు చేతులడ్డం పెట్టుకున్నారు. చదివి, పోయినేటిలాగే కూర్చోమంటుందని ఎదురుచూసింది.

“అయింది. దాటినవు” అంది రాహేలు.

ఆమె నోట అబద్ధం ఎన్నడూ వినని పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న వెంకట్రాజం సారు మెల్లగా నవ్వి, మీ చాపకు గూడ నాన్ డిటెన్షన్ వచ్చిందా రాహేలమ్మా అన్నాడు. ఎగతాళికి అన్న మాట కాదు. కానీ సాయంత్రానికల్లా అది ఊరంతా పాకింది. ఇంట్లో పెట్టుకుని సాకుతున్న పిల్లకు ఒక న్యాయం, మా పిల్లలకు ఒక న్యాయమా అన్నారు తల్లులు. అనరా మరి? ఆమె నోరు విప్పలేదు. విప్పితే పోయినేటి సంగతి కూడా చెప్పాలి.

పొద్దుగూకే వేళకు మొగిలమ్మ గదికి వచ్చింది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది.

“నాకు రాలె గద. ఎట్ల దాటిచ్చినవు?”

“నీకొస్తదే. పోయినేడు గూడ వచ్చు.”

“మరి పోయినేడు ఎందుకు పంపలె?”

రాహేలు అబద్ధం వెతికింది, దొరకలేదు. “నువ్వు పోతే ఒక్కదాన్నే అయితనని” అంది.

పిల్ల చాలా నెమ్మదిగా అడిగింది. “మరి ఈ యేడు నేనొద్దా?”

కావాలి అంటే పిల్ల ఆగిపోతుంది. రాహేలు పొయ్యి వైపు తిరిగి కూర కలపసాగింది. కొంచెంసేపటికి తలతిప్పి చూస్తే గడప దగ్గర ఎవరూ లేరు.

జూన్‌లో భద్రమ్మ పిల్లను పరకాల తీసుకుపోయి హాస్టల్లో దింపింది. ఊళ్లో అన్నవాళ్లు అన్నారు, విన్నవాళ్లు విన్నారు. నాలుగో చాప మీద పిల్లలకు ఇక భయమూ లేదు, ఆశా లేదు. వానలు మొదలైన ఒక సాయంత్రం భద్రమ్మ రాహేలు గదికి వచ్చింది. గొంగడి విదిలించి, గోడకు ఆనుకుని కూర్చుంది.

“తొవ్వ పొడుగుత ఏడ్సుకుంటనే పోయింది టీచరమ్మా” అంది. “నిన్న చూడబోయిన, ఇంక గట్లనే ఉన్నది. ఏందే అంటే, నాకు సదువు రాదు, టీచర్ మంచిది గావట్టి దాటిచ్చింది అంటది. మీ మీద ఒక్క మాట అననియ్యది. రాని పిల్లను ఆడ ఉంచి ఏం ఫాయిద? ఐతారం పోయి తోలుకొస్త.”

అంత కోపంలోనూ, అంత దుఃఖంలోనూ ఆ పిల్ల తన గుట్టు కాపాడిందని రాహేలుకు అర్థమైంది. మెల్లగా నేర్చుకుంటదిలే, ఫికర్ పడకు అని చెప్పి పంపవచ్చు. అది కూడా నోటిదాకా వచ్చింది. కానీ అంతమాత్రానికి భద్రమ్మ ఆగదు, రాని చదువుకు ఏ తల్లి ఎన్నాళ్లు ఓపిక పడుతుంది? మిరప సీజను మళ్లీ రానే వస్తుంది.

“దానికి వచ్చు భద్రమ్మా. నాకంటె మంచిగ చదువుతది. పోయినేడే వచ్చు. నేనే కాలేదన్న.”

“ఎందుకు?”

“నా కాడ ఉంటదని.”

భద్రమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, ముదిరిపోయిన వేళ్ల వైపు చూసుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండునని రాహేలుకు అనిపించింది. ఇది దానికి తెలుసా అని ఒక్క మాట అడిగింది. తెలుసని చెప్పింది రాహేలు. భద్రమ్మ లేచి గొంగడి తల మీద కప్పుకుంది.

“తోలుకరాను తియ్యి” అని వానలోకి దిగిపోయింది.

మొగిలమ్మ పరకాలలోనే ఉండిపోయింది. భద్రమ్మ ఆ తర్వాత ఆ గది ముందునుంచి పోవడం మానేసింది, బోరింగు దగ్గర కలిసినా అందరిలాగే నమస్తే పెట్టి తప్పుకునేది. జరిగింది మాత్రం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మొగిలమ్మ దసరా సెలవులకు వచ్చిందని, మూణ్నెల్ల పరీక్షలో క్లాసుకు మొదట నిలిచిందని వెంకట్రాజం సారు చెప్పాడు. మీ చెయ్యి మంచిది రాహేలమ్మా అని మెచ్చుకున్నాడు కూడా. సెలవులన్నాళ్లూ సాయంత్రం పూట రాహేలు గది తలుపు తీసే ఉంచింది. భద్రమ్మ పంపలేదో, పిల్లే రాలేదో ఆమె ఎవరినీ అడగలేదు.