బత్తాయి పట్టుకున్న సారు

అమీర్‌పేట కోచింగ్‌లో మాకు లెక్కలు చెప్పిన సారుకు ఒకటే ఊతపదం: "ఎందుకో నీకెందుకు?" బోర్డు మీద ఒట్టి సున్నా చుట్టి, అదే గోళమనేవాడు. గోళం ఉపరితల వైశాల్యం దాని నడిమి వృత్తానికి నాలుగు రెట్లని అరిచి, మా చేతా అరిపించేవాడు.

"నాలుగే ఎందుకైతది సార్?" అని అడిగింది నా పక్కన కూర్చునే సిరిసిల్ల అమ్మాయి.

"ఎందుకో నీకెందుకమ్మా? బట్టీ పట్టు."

మర్నాడు ఆమె ఒక బత్తాయి తెచ్చింది. సరిగ్గా సగానికి కోసి, ఆ చెక్కను కాగితం మీద బోర్లించి, చుట్టూ గీస్తూ నాలుగు వృత్తాలు వేసింది. పండు తొక్కంతా చిన్న ముక్కలుగా ఒలిచి వాటిలో పరిచింది. నాలుగూ నిండాయి.

"చూడుండ్రి సార్, గందుకే నాలుగు."

సారు చూడలేదు. ఒలిచిన పండు తింటున్నాడు. "తియ్యగా ఉందమ్మా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. మేమంతా ఆమెకు చప్పట్లు కొట్టాం. అవి మాత్రం ఆయనకు బాగా వినిపించాయి.

కొన్నాళ్లకు పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కన ఆయన ఫ్లెక్సీ వెలిసింది. చేతిలో బత్తాయి, మొహాన మేధావి నవ్వు. "ఎందుకో చేసి చూపించే ఏకైక సారు" అని పెద్దక్షరాలు. కింద తొక్కలతో నింపిన వృత్తాలు కూడా వేయించాడు.

మూడు.