వెనక సీటు చూసి కొన్న బండి

వంతెన దిగే చోట ఎదురుగాలి మొదలైంది. భుజం మీది నిచ్చెన పక్కకు తిరగబోతుంటే దాన్ని మెడకు ఆనించుకుని, మొండిగా నడుస్తున్నాడు బావమరిది. వెనకనుంచి మోటార్ సైకిల్ చప్పుడు దగ్గరికొచ్చి నెమ్మదించింది. తిరిగి చూడక్కర్లేదు. ఆ సైలెన్సర్ దగ్గు అతనికి బాగా తెలుసు.

"ఏరా, ఇంకా ఎంత దూరం ఈ పాదయాత్ర?" అన్నాడు బావ.

"పని దాకా."

"ఎక్కు. నేనూ అటే."

"నడుస్తా."

"ఎక్కరా బాబూ. ఈసారి పడిపోతే ఆగి ఏరుకుంటాలే."

తన మాటకు తనే పడీ పడీ నవ్వి, బావ బండిని ముందుకు దూకించాడు. వెనక పొగ మిగిలింది. బండి కొనాలని బావమరిది నిశ్చయించుకున్నది ఆ పొగలోనే. అప్పటికి అతనికి నలభై దాటాయి, హ్యాండిల్ పట్టుకున్న పాపాన పోలేదు.

వీళ్లిద్దరిదీ దుకాణాలకు బోర్డులు బిగించే పని. అక్క మొగుడే తీసుకొచ్చి ఆ పనిలో పెట్టాడు కాబట్టి ఇతను అందరికీ బావమరిది అయిపోయాడు. ఎవరికి బావమరిదో తెలియనివాళ్లు కూడా అలాగే పిలిచేవారు. బండి బావది. ముందు అతను, వెనక ఇతను. నిచ్చెన మెట్ల మధ్యలోంచి తల, ఒక చెయ్యి దూర్చి, దండ వేసుకున్నట్టు వేసుకుని కూర్చోవాలి. అలా ఏళ్ల తరబడి బావమరిది లోకాన్ని ఇంకొకరి మెడ పక్కనుంచి చూశాడు. బావ మొహం కంటే ఆ మెడే అతనికి ఎక్కువ పరిచయం. దాని మీది పుట్టుమచ్చ, కాలరు అంచున చెమట చార, మంగలి కత్తెర ఎక్కడ తప్పిందో కూడా చెప్పగలడు.

పాత కథల్లో రాజుగారు ఏనుగు మీద వెనకే కూర్చుంటారు. ముందు కూర్చుని తోలేవాడు జీతగాడు. మోటార్ సైకిల్ ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ ఆ మర్యాదను తలకిందులు చేశాడు. వెనకవాడికి గుంత కనబడదు, తెలుస్తుంది, అదీ నడుము ద్వారా. ఎక్కడ ఆగాలో, ఎవరిని పలకరించాలో అంతా ముందున్నవాడి ఇష్టం. అయినా బావమరిది ఏనాడూ నోరెత్తలేదు. ఆ మలుపు దాకా.

ఆ మలుపులో బావ బండిని దూకుడుగా తిప్పాడు. బావమరిది నిచ్చెనతో సహా రోడ్డున పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. బావ ఆగలేదు, తెలియలేదంటాడు. పని చోటికి వెళ్లాక "ఒరేయ్, నిచ్చెన ఇలా అందుకో" అని చూస్తే వెనక ఎవరూ లేరట! ఆ కథ చెప్పడంలో అతను మహా నేర్పరి. చెయ్యి వెనక్కి చాపి గాలిలో తడుముతాడు, కళ్లు గుండ్రంగా తిప్పుతాడు, "దారిలోనే అనుకున్నా, బండేంటి ఇవాళ ఇంత హుషారుగా పోతోందని!" అని ముగిస్తాడు. ఇంటికి ఎవరొచ్చినా అదే కథ. కట్టు కట్టించుకుని ఆ గదిలోనే మూల కూర్చున్నవాడి ముందే. పిల్లలు మళ్లీ చెప్పమనేవారు, అతను మళ్లీ చెప్పేవాడు.

ఎముక అతుక్కుంది. నవ్వు మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది. నొప్పెట్టిందా అని బావ ఒక్కసారి అడిగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. అడగలేదు. ఇప్పుడు బావమరిదికి ఒక్కటే కోరిక. బావ తన వెనక కూర్చోవాలి, నిచ్చెన దండ వేసుకుని వణికిపోవాలి, ఆ కథ విని ఇంటిల్లిపాదీ నవ్వాలి.

బండి చూడ్డానికి అక్కను వెంటబెట్టుకెళ్లాడు. వెనక సీటు సంగతి తనకంటే ఎవరికి తెలుసంది అక్క. "పెళ్లైనప్పటినుంచి నా కాపురం అక్కడేగా!"

షోరూములో కుర్రాడు మర్యాదస్తుడు. "కొత్తగా నడుపుతున్నారా సార్? అయితే బరువు, ఎత్తు తక్కువున్నది తీసుకోండి. రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనాలి. ఇదిగో, కూర్చుని చూడండి."

"ముందు సీటు సంగతి తర్వాత. వెనక ఎలా ఉంటుంది?"

"పరుపే సార్. పట్టుకోడానికి కడ్డీ కూడా..."

"అయితే వద్దు."

కుర్రాడు ఇంకోటి చూపించాడు. అక్క వెనక ఎక్కి, "హాయిగా ఉందిరా" అంది. అదీ వద్దన్నాడు తమ్ముడు. చివరికి గోడ వారగా ఒక ఎర్రబండి కనబడింది. వెనక సీటు పలకంత, అదీ ముందుకు వాలి ఉంది. కడ్డీ లేదు. కాళ్లు పెట్టుకునే చోటు ఎంత పైన ఉందంటే, అక్క ఎక్కేసరికి మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"అమ్మో, ఇది సీటా, పిల్లి కూర్చునే పిట్టగోడా? జారిపోతున్నాన్రా!"

"ఇదే ఇచ్చెయ్యండి" అన్నాడు బావమరిది.

"నా మీద ఏం కోపంరా నీకు?"

"నీ మీద కాదక్కా."

అక్క ఒక్క క్షణం తమ్ముడి మొహంలోకి చూసింది. తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుని, బండి ఊగేలా నవ్వింది.

కుర్రాడు కంగారుపడి, "కావాలంటే కడ్డీ విడిగా బిగిస్తామమ్మా" అన్నాడు.

"బిగించావంటే ఊరుకోను!" అంది అక్క కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడు ముందు సీటెక్కాడు బావమరిది. కాలివేళ్ల కొసలు మాత్రం నేలకి అందాయి. అలా వేళ్ల మీద ఎంతసేపు ఆపుకుంటారని కుర్రాడు గొణిగాడు. రోజంతా నిచ్చెన మెట్టు మీద మునివేళ్లతో నిలబడేవాడికి అదొక లెక్కా అనుకున్నాడు బావమరిది. నిచ్చెనకు ఆనుకోడానికి గోడ ఉంటుందన్నది ఆ సమయంలో గుర్తు రాలేదు.

పాత గోదాము వెనక ఖాళీ స్థలంలో నేర్చుకున్నాడు. గేర్లు వచ్చాయి, మలుపులు వచ్చాయి, లైసెన్సు కూడా వచ్చింది. ఆగడమే రాలేదు. ఆగిన ప్రతిసారీ బండి ఏదో ఒక పక్కకు ఒరిగేది. ఎప్పుడూ గోడ పక్కనే ఆపడం అలవాటు చేసుకున్నాడు.

కోరుకున్న రోజు రానే వచ్చింది. బావ బండి మెకానిక్ దగ్గర పడుకుంది. బజారులో మందుల షాపుకి అర్జంటుగా బోర్డు బిగించాలి. "బోర్డు ఆటోలో పంపించేశా, మీరిద్దరూ ఆ ఎర్రబండి మీద పోండి" అన్నాడు బోర్డుల షాపు ఓనరు.

"ఇదేంట్రా, అటక ఎక్కినట్టుంది!" అన్నాడు బావ, సీటు తడిమి చూసి.

"ఎక్కు బావా. నిచ్చెన వేసుకో."

దారిలో ఏ గుంతనూ బావమరిది వదల్లేదు. పని గట్టుకుని వెళ్లి మరీ పలకరించాడు. మొదటి గుంతకు బావ జోకేశాడు. తర్వాత "మెల్లగా పోరా" అన్నాడు. కాసేపటికి "నాయనా, బాబూ" అన్నాడు. ఆపైన మాటలు పోయి, రెండు చేతులూ బావమరిది నడుముకు చుట్టుకున్నాయి. ఆ పట్టుకు ఇతనికి ఊపిరాడలేదు గానీ ఒళ్లంతా తీపెక్కింది.

"దింపెయ్‌రా! నీకు దణ్ణం పెడతా, నన్ను దింపెయ్!"

బజారంతా తిరిగి చూసింది. సరిగ్గా అప్పుడే సరుకుల బండి ఒకటి అడ్డం వచ్చింది. బావమరిది బ్రేకు వేసి కాలు చాపాడు. అక్కడ రోడ్డు పల్లంగా ఉంది. వేలికొస గాలిలోనే ఉండిపోయింది.

"కాలు పెట్టు బావా!"

"ఎక్కడ్రా? నేల ఏదిరా?"

ఆవలించినంత తీరిగ్గా బండి ఒరిగి, చెప్పుల దుకాణం ముందున్న ఖాళీ అట్టపెట్టెల గుట్టలో ఇద్దర్నీ పడేసింది. దెబ్బలేం తగల్లేదు. బావమరిది ముందు లేచాడు. బావ మెడలో నిచ్చెనతో, ఒక కాలు పెట్టెలో ఇరుక్కుని, కూర్చున్నచోటే ఉన్నాడు. ఎవరో వెనకనుంచి "నన్ను దింపెయ్‌రా!" అని అచ్చం అతని గొంతుతో అన్నారు. బజారు గొల్లుమంది. బావ నిచ్చెన మెడలోంచి తీసి, పెట్టెలోంచి కాలు లాక్కున్నాడు.

నలుగురూ పట్టి బండిని లేపారు. బావమరిది దాన్ని దుకాణం గోడకు చేర్చి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఒరేయ్..." బావ గొంతు తగ్గించాడు. "ఇంట్లో చెప్పకురా ఇది. పిల్లల దగ్గర అసలు అనకు."

ఆ కథ ఎలా చెప్పాలో, ఏ మాట దగ్గర ఆగాలో వచ్చే దారి పొడుగునా కూర్చుకున్నాడు బావమరిది. నాలుక చివర సిద్ధంగా ఉంది. చెప్తే ఒక పూట నవ్వుతారు, మర్నాటికి ఇంకో మాట వస్తుంది. చెప్పకపోతే? ఇంటికి ఎవరొచ్చినా బావ ఇతని పెదాల వంకే చూస్తూ ముద్ద మింగాలి.

"చెప్పవు కదా? అవునో కాదో అనరా!"

చెప్పనని గానీ, చెప్తానని గానీ, వస్తానని గానీ అనకుండా, చొక్కా దులుపుకుని, బోర్డునీ నిచ్చెననీ బావకే వదిలేసి, బావమరిది జనం మధ్యలోంచి నడిచే ఇంటి దారి పట్టాడు.