అల్లుడు రాని రోజు

కుట్టుమిషన్ల మెకానిక్‌కి నిఘా కోసం తన వెనకాలే నడిచే మనిషి మీద కోపం పోయి చాలా కాలమైంది. తర్వాత్తర్వాత మనసులో వాడికో పేరు పెట్టుకున్నాడు: అల్లుడు. రమ్మనకపోయినా వస్తాడు, పొమ్మనడానికి నోరు రాదు, మర్యాదకి లోటు జరగకూడదు. అల్లుడంటే అంతే కదా.

మర్యాదంటే నిజంగా మర్యాదే. ఈ చాటుమాటు పనిలోకి దిగినప్పుడు పెద్దవాళ్లు నేర్పిన మొదటి పాఠం అది. వెంటపడేవాణ్ణి తప్పించుకున్నావా, గూఢచారినని నువ్వే చాటింపు వేసుకున్నట్టు. పరుగెత్తకు, వెనక్కి చూడకు, చూసేవాడికి ఆవలింతలు వచ్చేలా బతుకు. అందుకే అల్లుడు బస్సు అందుకోలేకపోతే మెకానిక్ తర్వాతి స్టాపులో దిగి, చెప్పు తెగినట్టు నటిస్తూ ఆగేవాడు. వాన పడితే అల్లుడు తడవకుండా చూరులున్న వీధుల్లోంచే వెళ్లేవాడు. ఇంట్లో భార్య మాత్రం, "మీకు రానురాను దేనికీ చలనం లేకుండా పోతోంది. పక్కన పిడుగు పడ్డా స్పానరు వెతుక్కుంటారు," అని దెప్పేది. ఆవిడకి ఈ సంగతులేవీ తెలియవు. కానీ ఆవిడన్నది అబద్ధమూ కాదు.

ఒకరోజు బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన, ఈ పనిలోని వాడే, దిగబోతూ, పెదవి కదిపీ కదపకుండా, "టైలరమ్మ సంగతి బయటపడింది. రేపు సాయంత్రంలోగా ఊరు దాటమను," అన్నాడు.

టైలరమ్మ కూడా వీళ్ల మనిషే. మార్కెట్ వెనక ఒక గదిలో గౌన్లూ యూనిఫారాలూ కుడుతూ, ముసలి తండ్రితో ఉంటోంది. మెకానిక్ నోటి నుంచి మాట వస్తే తప్ప ఆమె కదలకూడదు. అల్లుడు వెంట ఉండగా మెకానిక్ ఆ గడప తొక్కకూడదు. రెండూ రూల్సే. ఏం చెయ్యాలో పాలుపోకుండానే మర్నాడు పొద్దున్న పనిముట్ల పెట్టె పట్టుకుని బయల్దేరాడు.

సందు మొదట్లో అల్లుడు లేడు.

టీ కొట్టు దగ్గర లేడు. పేపర్ల బంకు దగ్గరా లేడు. ఇంకొకడైతే దేవుడే దారిచ్చాడనుకుని మార్కెట్ వైపు లగెత్తేవాడు. తాడును చూసి పామనుకునేవాళ్లని మనం చూశాం. ఈ మహానుభావుడు తాడు కనిపించకపోయేసరికి పామనుకున్నాడు. అల్లుణ్ణి తీసేసి కంటికి ఆననివాళ్లని పెట్టారనీ, తను ఎటు పోతాడో చూద్దామనే ఇలా వదిలారనీ తీర్మానించుకున్నాడు. బేకరీ ముందు పిల్లని ఎత్తుకున్న ఆవిడ, నిచ్చెనెక్కి బల్బు మారుస్తున్నవాడు, ఎవర్ని చూసినా వాళ్లేననిపించింది. ఎప్పటిలాగే హాస్టల్లో మిషన్లకి నూనె వేశాడు, ఒక బెల్టు మార్చాడు, మార్కెట్ దాకా వెళ్లి పక్క వీధిలోంచి తిరిగొచ్చేశాడు. ఇంటికి చేరి భోంచేశాడు. ఏం తిన్నాడో తెలియలేదు.

మర్నాడు టీ కొట్టు దగ్గర అల్లుడున్నాడు. మెడకి మఫ్లరు, కళ్లు ఎర్రగా. ఇన్నాళ్ల కాపలాలో టీ కొట్టువాడు వాడికి చుట్టంలా అయిపోయాడు. కాస్త ఎడంగా టీ తాగుతున్న మెకానిక్‌కి వినబడుతోందని తెలియక, దగ్గుతూ అతనికి చెప్పుకుంటున్నాడు: "నిన్నంతా జ్వరం గురూ, మంచం దిగలేదు. నా బదులు ఎవర్నైనా పంపండి సార్ అంటే, ఎవరున్నారయ్యా, ఒక్కరోజుకి కొంపలేం మునగవులే అన్నాడు మా ఆఫీసరు."

మెకానిక్ గ్లాసు కింద పెట్టి నడక మొదలుపెట్టాడు. నడక కాస్తా పరుగైంది. వెనకాల అల్లుడు దగ్గుకుంటూ, పడుతూ లేస్తూ వస్తున్నాడు. మెకానిక్ ఆగలేదు.

టైలరమ్మ గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నేలంతా గుడ్డ ముక్కలు, చెల్లాచెదురైన బొత్తాలు. ముసలి తండ్రి మోకాళ్ల మీద కూర్చుని సూదులు ఏరుతున్నాడు.

"నిన్న చీకటి పడుతుండగా తీసుకెళ్లారు నాయనా," అన్నాడు తలెత్తకుండా. "మా అమ్మాయికి ముందే అనుమానం వచ్చినట్టుంది. పొద్దున్నుంచీ బ్యాగు సర్దుకుని గుమ్మంలోనే కూర్చుంది. వెళ్లిపోవమ్మా అంటే, మెకానిక్ వస్తాడు నాన్నా, ఆయన చెప్పందే కదలకూడదంది. నువ్వెందుకు రాలేదు?"

ఏడుపు రావలసిన చోట మెకానిక్‌కి ఏమీ రాలేదు. ఈలోగా అల్లుడు రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వాడు వింటున్నాడని తెలిసే మెకానిక్ నిజం చెప్పాడు.

"భయమేసిందండి. నిన్న నా వెనక ఎవరూ లేరు."