భుజమెత్తు కానుగ

రోడ్డు మధ్య మొక్కలకు నీళ్లు పోసే ఆమెకు వాటి ఎత్తు కొలవడానికి టేపుతో పనిలేదు. ఒక్కో మొక్క పక్కనా నిలబడి, కొసను అరచేత్తో తన ఒంటికి ఆనించి మోకాలెత్తో నడుమెత్తో చూసుకుంటుంది. మూడేళ్లలో కానుగ ఒక్కటే ఆమె భుజాన్ని అందుకుంది. మొన్ననే ఓ పిట్ట దానిలో గూడు మొదలుపెట్టింది. ఈ ఉదయం సూపర్‌వైజరు ఆ కానుగనే తవ్వి తీసెయ్యమన్నాడు. "దీని ముందున్న పాత కంపెనీ బోర్డు మారిస్తే సరిపోదా బాబూ?" అందామె. "ఈ నేలలో పుట్టిన చెట్లుంటేనే పిట్టలు వస్తాయని కొత్త కంపెనీవాళ్లు ఇక్కడ కానుగే నాటిస్తున్నారమ్మా. పెద్దసారు తన చేత్తోనే నాటాలట. ఫోటోలో గుంత కనబడాలి."

ఇంకొకరి గునపం దాని మీద పడితే చూడలేక, తనే తవ్వింది. చప్పట్లయ్యాయి, కార్లు వెళ్లిపోయాయి. కొత్త కానుగ మోకాలెత్తు కూడా లేదు. దానికి నీళ్లు పోసి ఆమె నడుము నిటారు చేసుకునేసరికి, నోట పుల్లతో పిట్ట వచ్చింది. సరిగ్గా ఆమె భుజమెత్తులో రెండు చుట్లు తిరిగి, వాలే చోటు లేక, పుల్లను అక్కడే జారవిడిచి వెళ్లిపోయింది.